బరికిచ్చిన తోట అద్దె ఏ పద్దులో రాయాలి?

భోగిమంట చల్లారకముందే డెల్టాలో బరులు సిద్ధమవుతాయి. భీమవరం చుట్టుపక్కల, ఉండి వైపు, కోనసీమలో మురమళ్ల దగ్గర, వరి కోసిన చేలల్లోనో కొబ్బరితోటల్లోనో నేల చదును చేసి కంచె కడతారు. షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు వెలుస్తాయి. కోడిపందేలను అడ్డుకోవాలని 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం అంతకుముందు నుంచే ఉన్నాయి. అయినా ఆ మూడు రోజులూ రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ అని పిలిచే పుంజులకు కత్తులు కడుతూనే ఉంటారు. పక్క గుడారంలో పేకాట, ఆ పక్కన గుండాట.

పండగ తర్వాత ఎన్ని కోట్లు చేతులు మారాయన్నదాని మీద ఊరంతా చర్చ. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. ఆ డబ్బు చివరికి ఎవరి చేతుల్లో ఆగింది? పందెం కాసినవారిలో ఒకరు గెలిస్తే ఒకరు ఓడతారు. చూడవచ్చినవారు పక్కన కాసే పైపందేలదీ అదే లెక్క. ఏ పుంజు గెలిచినా ఓడినా డబ్బు చేసుకునేవారు మాత్రం వేరే. బరి నడిపేవాడు ప్రతి పందెంలోనూ తన వాటా తీసుకుంటాడు. తోట యజమానికి అద్దె ముడుతుంది. షామియానా, జనరేటరు ఇచ్చినవాడికి కిరాయి, ఏడాది పొడుగునా పుంజులకు బాదం, జీడిపప్పు మేపినవాడికి అమ్మకం ధర, కత్తి కట్టేవాడికి కూలి, పట్నంలో లాడ్జీకి గది అద్దె. వీరిలో జూదం వ్యాపారం చేసినవారు ఎవరు, పండగ పూట మామూలు వ్యాపారం చేసుకున్నవారు ఎవరు?

ఇదే ప్రశ్నను కంపెనీల విషయంలో అడగడానికి ఆర్థిక ప్రపంచం పెట్టుకున్న పేరు నైతిక పెట్టుబడి. లాభం వచ్చినా సరే కొన్ని వ్యాపారాల్లో తమకు వాటా వద్దనుకోవడం అందులో అన్నింటికన్నా పాత పద్ధతి. మద్యం, పొగాకు, ఆయుధాలు, జూదం ఆ వద్దనుకునే జాబితాలో దాదాపు ఎప్పుడూ ఉంటాయి. కాగితం మీద రాసినంత సేపు జూదం అన్నింటిలోకీ తేలికైనదిగా కనిపిస్తుంది. ఎవరూ గట్టిగా సమర్థించరు కాబట్టి ఫండు నడిపేవారు సంకోచం లేకుండా తమ జాబితాలోంచి కొట్టేస్తారు. కొట్టేసింది నిజంగా పోయిందా అన్నదే తేలదు.

ముందు ఒక చిక్కు విడదీయాలి. డెల్టాలో రొయ్యల సాగు గురించి మాట్లాడేటప్పుడు "అదో జూదం" అనడం మామూలే. తెల్లమచ్చ తెగులు వస్తే చెరువు చెరువంతా రోజుల్లో పోతుంది, ఎగుమతి ధర పడితే పంట చేతికొచ్చినా అప్పు మిగులుతుంది. బాధలోంచి వచ్చిన మాటే అయినా లెక్క ప్రకారం అది జూదం కాదు. పంట బాగుంటే చెరువులో రొయ్య ఉంటుంది, రైతు, మేత కంపెనీ, ఐసు ఫ్యాక్టరీ, ఎగుమతిదారు, చివరికి తినేవాడు, అందరూ ఎంతో కొంత లాభపడే వీలుంది. పోతే అందరికీ పోతుంది. జూదంలో కొత్తగా పుట్టేది ఏమీ లేదు. ఒకరి జేబులోంచి తీసి మరొకరి జేబులో పెట్టడం, మధ్యలో నిర్వాహకుడు కొంత ఉంచుకోవడం, అంతే. కాసినో కంపెనీ లెక్కల్లో ఆదాయం అంటే ఆటగాళ్లు పెట్టిన మొత్తంలోంచి వారికి తిరిగి చెల్లించింది తీసేయగా మిగిలినది. మరోలా చెప్పాలంటే, ఆటగాళ్లందరి నికర నష్టమే ఆ కంపెనీ ఆదాయం. బియ్యం మిల్లుకూ కాసినోకూ తేడా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నష్టభయం ఎంత ఉందన్నది వేరే విషయం. వచ్చిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే చూడాలి.

ఇప్పుడు లాడ్జీ సంగతి. ఊహకు ఒక లెక్క వేద్దాం. నలభై గదుల లాడ్జీ, గదికి రోజుకు 1,500 రూపాయలు, మామూలు రోజుల్లో వందకు అరవై గదులు నిండుతాయి. అంటే రోజుకు 36,000, ఏడాదిలో 362 రోజులకు 1,30,32,000. సంక్రాంతి మూడు రోజులు మాత్రం గదులన్నీ నిండి, అద్దె 10,000కు ఎక్కుతుంది. ఆ మూడు రోజుల్లోనే 12 లక్షలు. మొత్తం ఆదాయంలో అది 8.4 శాతం. పందేలకు వచ్చినవారి డబ్బు 5 శాతం దాటితే ఆ వ్యాపారం వద్దనే ఫండు ఈ లాడ్జీని తీసేస్తుంది. గీత 10 శాతం దగ్గర గీసిన ఫండు సంతోషంగా ఉంచుకుంటుంది. లాడ్జీ అదే, యజమాని అదే, గది తలుపు మీద వేసిన తాళం కూడా అదే.

వద్దనుకున్న వ్యాపారాలను తీసేసే మినహాయింపు ఫండ్లు చాలావరకు లోపల ఇలాగే పనిచేస్తాయి. ఇస్లాం నియమాల ప్రకారం ఎంచిన షేర్ల జాబితాలైన షరియా సూచీల్లో అనుమతిలేని ఆదాయానికి సాధారణంగా కనిపించే గీత 5 శాతం. ఇతర ఫండ్లలో 5, 10 రెండూ కనిపిస్తాయి. ఈ అంకెలు ఏ ధర్మశాస్త్రంలోంచీ ఊడిపడలేదు. సున్నా పెడితే జల్లెడలో ఏమీ మిగలదు, పాతిక పెడితే జల్లెడే అక్కర్లేదు, కాబట్టి మధ్యలో ఎక్కడో ఆగారు. కొబ్బరితోట యజమాని విషయం ఇంకా ఇబ్బంది. అతడు పందెం కాయలేదు, కత్తి కట్టలేదు, నేల అద్దెకిచ్చాడు. అతడి పుస్తకంలో అది అద్దె పద్దు.

ఈ పోలిక ఊరికే తెచ్చింది కాదు. డెల్టాలో చాలా ఇళ్లలో ఒకరైనా అమెరికాలో ఉద్యోగం చేస్తుంటారు. అక్కడి పదవీ విరమణ ఖాతాల సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం సూచీ ఫండ్లలో ఉంటుంది, వాటిలో అందరికీ తెలిసిన సూచీ అక్కడి ఐదు వందల పెద్ద కంపెనీల ఎస్ అండ్ పీ 500. ఆ సూచీలో లాస్ వేగాస్ శాండ్స్, విన్ రిసార్ట్స్ ఉన్నాయి. పేరు చూడగానే గుర్తుపట్టవచ్చు. (మొదటి కంపెనీ పేరులో మాత్రమే లాస్ వేగాస్ మిగిలింది. అక్కడి కాసినోలను 2022లో అమ్మేసింది, ఇప్పుడు దాని కాసినోలు మకావ్, సింగపూర్‌లలో నడుస్తున్నాయి.) వీసీ ప్రాపర్టీస్ అనే మరో కంపెనీ కూడా అదే సూచీలో ఉంది. దాని వర్గం స్థిరాస్తి. సీజర్స్ ప్యాలెస్, వెనీషియన్ వంటి కాసినోల నేల, భవనాలు దానివి. ఆట నడపదు, పాచిక ముట్టదు, నడిపేవారి దగ్గర అద్దె తీసుకుంటుంది. కొబ్బరితోట యజమానే, కాకపోతే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో. జూదం కంపెనీలను వర్గం పేరు చూసి తీసేసే ఫండులో ఇలాంటిది మిగిలిపోతుంది. ఆదాయం మూలం చూసే ఫండులో మిగలదు. రెండూ తమను జూదరహితమనే చెప్పుకుంటాయి.

భారతదేశంలో కథ ఇంకా విచిత్రం. ఇక్కడ తీసేయడానికి కంపెనీలే దాదాపు లేవు. ఇక్కడి యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50లో జూదం కంపెనీ ఒక్కటి కూడా లేదు. కాబట్టి జూదాన్ని మినహాయించిన నిఫ్టీ 50, మినహాయించని నిఫ్టీ 50 ఒకటే. పొగాకును తీసేస్తే ఐటీసీ పోతుంది, ఫండు రూపం మారుతుంది. జూదాన్ని తీసేస్తే ఏమీ కదలదు. ఉపవాసం ఉండి వదులుకున్నది ఇంట్లో లేని మామిడిపండు అన్నట్టు ఉంటుంది.

కారణం చట్టం. పందేలు, జూదం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. గోవా, సిక్కిం వంటి ఒకటి రెండు చోట్ల తప్ప కాసినోలకు అనుమతి లేదు. లిస్టయిన కాసినో కంపెనీగా అందరికీ తెలిసినది డెల్టా కార్ప్. పేరు చూసి మోసపోనక్కర్లేదు, దానికీ గోదావరి డెల్టాకూ సంబంధం లేదు, దాని ఓడలు గోవాలో మాండవి నది మీద ఉంటాయి. 2023 జులై 11న జీఎస్టీ మండలి కాసినోలు, గుర్రప్పందేలు, ఆన్‌లైన్ ఆటల మీద పందెపు పూర్తి విలువపై 28 శాతం పన్ను వేయాలని నిర్ణయించింది. మర్నాడు ఆ షేరు ఒక్కరోజులోనే ఐదో వంతుకు పైగా పడిపోయింది. ఎందుకంత పడిందో లెక్క చూస్తే తెలుస్తుంది. ఆటగాడు వంద రూపాయలు పెడితే కంపెనీకి చివరికి మిగిలేది పది అనుకుందాం. ఆ పది మీద 28 శాతం అంటే రెండు రూపాయల ఎనభై పైసలు. వంద మీద 28 శాతం అంటే మిగిలిన పదీ చాలదు. ఆ సెప్టెంబరులో పాత ఏళ్ల పన్ను కింద ఆ కంపెనీకి వచ్చిన నోటీసులు 11 వేల కోట్ల రూపాయలు దాటాయి. కంపెనీ మొత్తం మార్కెట్ విలువ కన్నా అది ఎక్కువ.

ఆన్‌లైన్ రమ్మీ కథలో తెలుగువారి పాత్ర పెద్దది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో పేకాట మీద పడిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967లో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడుస్తుంది, రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట అని కోర్టు తేల్చింది. క్లబ్బులో కాలక్షేపానికి కూర్చున్న నలుగురి గురించి చెప్పిన ఆ మాటను అర్ధశతాబ్దం తర్వాత లక్షలమంది ఫోన్లలో నడిచే వ్యాపారానికి గొడుగుగా పట్టారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించాయి. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టింది. డబ్బు పెట్టి, డబ్బు వస్తుందని ఆడేది ఏదైనా నిషేధమే. ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన ఇస్తే రెండేళ్లు, యాభై లక్షలు. చెల్లింపులు జరిపే బ్యాంకులనూ చట్టం వదల్లేదు. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు.

నైతిక పెట్టుబడి పాఠంగా చూస్తే ఆ ఆగస్టులో ఎక్కువ నేర్పేది నజారా టెక్నాలజీస్ ఉదంతం. వీడియో ఆటలు, ఇ-స్పోర్ట్స్ వ్యాపారంతో ఎదిగిన ఈ లిస్టెడ్ కంపెనీకి పోకర్ ఆటల సంస్థ పోకర్‌బాజీని నడిపే మూన్‌షైన్‌లో అప్పటికి దాదాపు 46 శాతం వాటా ఉంది. సగానికి తక్కువ వాటా కాబట్టి ఆ సంస్థ ఆదాయం నజారా ఆదాయంలో కలవదు. బిల్లు వార్త రాగానే షేరు దబ్బున పడింది. డబ్బు పెట్టి ఆడే ఆటల నుంచి తమకు వచ్చే ఆదాయం సున్నా అని కంపెనీ వివరణ ఇచ్చింది. ఆ మాట లెక్కల ప్రకారం నిజమే. ఆదాయంలో 5 శాతం గీత పెట్టుకున్న జల్లెడ కూడా అదే చెబుతుంది, సున్నా అని. అయితే ఆ వాటా విలువ కంపెనీ ఆస్తుల్లో ఉంది, పడినప్పుడు వాటాదారు జేబుకే తగిలింది. ఆదాయం గడిలో సున్నా, ఆస్తుల గడిలో వందల కోట్లు. మొదటి గడి మాత్రమే చూసే జల్లెడకు ఎంత పేరు పెట్టినా అది సగం జల్లెడే.

ఇలాంటి కన్నంలోంచి జారిపడిన సంస్థల్లో ఇంగ్లండ్ చర్చి ఒకటి. 2013 జులైలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ, పేదలకు మండిపోయే వడ్డీకి చేబదులు ఇచ్చే వోంగా అనే కంపెనీని పోటీలో ఓడించి రంగం నుంచి సాగనంపుతామని ప్రకటించారు. మర్నాటికే పత్రికలు బయటపెట్టిన సంగతేమిటంటే, చర్చి సొమ్ము, కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఒక వెంచర్ ఫండు ద్వారా తిరిగి తిరిగి అదే వోంగాలో ఉంది. మొత్తం 75 వేల పౌండ్లే. చర్చి సంపద ముందు అది చిల్లర. అప్పటి చర్చి విధానం ప్రకారం అభ్యంతరకరమైన వ్యాపారం ఆదాయంలో 25 శాతం దాటని కంపెనీకి తలుపు తెరిచే ఉంది. ఆ గీత మరీ ఎత్తున ఉందని ఆర్చిబిషప్పే ఒప్పుకున్నారు.

మినహాయింపు అన్న ఆచారం చర్చి గడపలోనే పెరిగిందన్నది గుర్తుంచుకుంటే ఈ ఉదంతం ఇంకా కొరుకుతుంది. మెథడిస్టు శాఖ మూలపురుషుడు జాన్ వెస్లీ 1760లో అచ్చయిన ప్రసంగంలో డబ్బు సంపాదించమన్నాడు, కానీ పొరుగువాడికి నష్టం చేసి కాదన్నాడు, జూదాన్ని అక్కడ పేరు పెట్టి చెప్పాడు. అమెరికాలో 1971లో పాక్స్ వరల్డ్ ఫండును మొదలుపెట్టినవారూ మెథడిస్టులే. ఇస్లాంలో వడ్డీలాగే మైసిర్, అంటే జూదం, నిషిద్ధం. షరియా ఫండ్లకు ఆధారం అది. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రభుత్వ నిధుల్లో ఒకటైన నార్వే నిధి మాత్రం పొగాకునూ బొగ్గునూ కొన్ని రకాల ఆయుధాలనూ మినహాయిస్తుంది, జూదాన్ని వ్యాపారంగా మినహాయించదు. నైతికత పేరుతో నడిచే జాబితాలు ఒకదానితో ఒకటి కలవవు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మన దగ్గర ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. టాటా ఎథికల్ ఫండు షరియా సూత్రాల మీద నడుస్తుంది. జూదం, మద్యం దానిలో ఉండవు, దాంతోపాటు వడ్డీ వ్యాపారం కాబట్టి బ్యాంకులూ ఉండవు. జూదం ఒక్కటే వద్దనుకుని వచ్చిన తణుకు ఉపాధ్యాయుడో అమలాపురం బట్టల వ్యాపారో తనకు తెలియకుండానే బ్యాంకులను కూడా వదులుకుంటాడు. అహింసను కొలమానంగా పెట్టుకున్న ఫండయితే మాంసం, చేపల వ్యాపారాలను పక్కన పెడుతుంది. ఆ లెక్కన కొవ్వూరులో మేత తయారు చేసే అవంతి ఫీడ్స్ వంటి కంపెనీ పోతుంది. డెల్టాలో చెరువు మీద బతికే కుటుంబానికి అందులో అనైతికం ఏముందో అర్థం కాదు, అర్థం కావలసిన అవసరమూ లేదు. తణుకులోనే ఉన్న ఆంధ్రా షుగర్స్‌ను ఏ గడిలో వేయాలన్నది మరీ సరదా ప్రశ్న. చక్కెర తీసింది, పారిశ్రామిక ఆల్కహాలు తీసింది, ఆస్పిరిన్ తయారు చేసింది, ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం ఇచ్చింది. ఆల్కహాలు అన్న మాట చూసి మద్యం కంపెనీ అనేవాడిని, రాకెట్టు అన్న మాట చూసి ఆయుధాల కంపెనీ అనేవాడిని తణుకు బస్‌స్టాండులో ఎవరైనా నవ్వి పంపిస్తారు.

ఇలాంటి అయోమయం తగ్గించడానికి షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2023 జులైలో కొన్ని నియమాలు తెచ్చింది. పర్యావరణ, సామాజిక అంశాల పేరు చెప్పే ఫండ్లు ఆరు పద్ధతుల్లో తాము పాటించేది ఏదో ఎంచుకుని, పథకం పేరులోనే దాన్ని చూపాలి. మినహాయింపు ఆ ఆరింటిలో ఒకటి. పేరు స్పష్టమైంది. గీత ఎక్కడ గీశారన్నది మాత్రం ఇప్పటికీ పథకం పత్రంలోపల వెతుక్కోవలసిందే.

జూదం షేర్లు వదులుకుంటే లాభం తగ్గుతుందా అన్నది సహజమైన సందేహం. హారిసన్ హాంగ్, మార్చిన్ కాస్పెర్చిక్ 2009లో ప్రచురించిన పరిశోధన దీనికి మూలం. అమెరికాలో మద్యం, పొగాకు, జూదం కంపెనీల షేర్లను పింఛను నిధుల వంటి సంస్థలు తక్కువగా ఉంచుకుంటున్నాయని, ఆ షేర్లు తోటి షేర్ల కన్నా ఎక్కువ రాబడి ఇచ్చాయని వారు చూపారు. పెద్దమనుషులు కొనకపోవడం వల్ల చవగ్గా దొరుకుతాయి, చవగ్గా కొన్నవాడికి ఎక్కువ వస్తుంది అన్నది వారి వాదన. 2017లో డేవిడ్ బ్లిట్జ్, ఫ్రాంక్ ఫబోజీ అదే విషయాన్ని తిరగేసి చూశారు. ఆ కంపెనీల లాభదాయకతను, అవి పెట్టుబడులు పెట్టే తీరును లెక్కలోకి తీసుకుంటే ప్రత్యేకంగా పాపానికి దక్కిన బహుమతి అంటూ ఏమీ మిగలలేదని తేల్చారు. పాపం చేయకపోయినా అలాంటి లాభాల తీరు ఉన్న కంపెనీ దొరికితే చాలు.

పైగా ఇవి అమెరికా లెక్కలు, అక్కడ జూదం స్థిరపడిన, లైసెన్సు ఉన్న వ్యాపారం. ఇక్కడ జీఎస్టీ మండలి ఒక సాయంత్రం తీసుకున్న నిర్ణయం, పార్లమెంటు రెండు రోజుల్లో ఆమోదించిన బిల్లు మొత్తం లెక్కను తలకిందులు చేశాయి. మన దేశంలో జూదం షేరుకు దూరంగా ఉండమని చెప్పడానికి నీతిని పిలవనక్కర్లేదు, చట్టం పెట్టే భయమే సరిపోతుంది. నీతి కోసం వదిలినవారికి 2023లోనూ 2025లోనూ డబ్బు కూడా మిగిలిందన్నది వేరే సంగతి.

మరో అపోహ కూడా ఉంది. షేరు అమ్మేస్తే కంపెనీకి డబ్బు అందకుండా పోతుందనుకుంటారు. మార్కెట్లో అమ్మిన షేరును మరొకరు కొంటారు, కంపెనీ ఖజానాలోంచి రూపాయి కూడా బయటకు పోదు. పందెం చూడటం మానేసి వచ్చేసినవాడి కుర్చీలో ఇంకొకడు కూర్చున్నట్టు. కొత్త షేర్లు జారీ చేసేటప్పుడు కొనేవారు లేకపోతే మాత్రం కంపెనీకి తగులుతుంది. చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికి మినహాయింపు పనికొస్తుంది, వ్యాపారాన్ని ఆపడానికి అంతగా పనికిరాదు. మొదటిదానికీ విలువ ఉంది, దాన్ని రెండోదని చెప్పి అమ్మకూడదు.

ఇక నైతిక ఫండ్ల జాబితాల్లో ఎక్కడా కనిపించని బరి గురించి. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో, అంటే షేర్ల ధర ముందు ముందు ఎటు కదులుతుందన్నదాని మీద చేసుకునే ఒప్పందాల్లో ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. లావాదేవీల ఖర్చుల కింద వారు చెల్లించింది దాదాపు 50 వేల కోట్లు. అందులో సగానికి కాస్త ఎక్కువ బ్రోకర్లకు, ఐదో వంతు ఎక్స్ఛేంజీలకు వెళ్లింది. వీరిలో పదిమందిలో ఏడుగురు మొదటి ముప్ఫై నగరాలకు బయటివారు, అంటే భీమవరం, అమలాపురం, పాలకొల్లు వంటి ఊళ్లవారు. నిబంధనలు బిగించిన తర్వాతి ఏడాది, 2024-25లోనూ 91 శాతం మంది నష్టపోయారు, నష్టం 1.05 లక్షల కోట్లు.

ఎవరు గెలిచినా ఎవరు ఓడినా ప్రతి పందెంలోనూ వాటా తీసుకునేవాడి గురించి మొదట్లోనే చెప్పుకున్నాం. ఆప్షన్లలో ఆ స్థానం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. చట్టానికి కూడా ఈ పోలిక తెలుసు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ పందెపు ఒప్పందాలు చెల్లవంటుంది. సరుకు చేతులు మారకుండా ధరల తేడా మాత్రం చెల్లించే ఫ్యూచర్స్, ఆప్షన్ల వంటి డెరివేటివ్ ఆ సెక్షన్ కిందికి వస్తుందన్న శంక ఉండటం వల్లే, 1999లో సెక్యూరిటీ కాంట్రాక్టుల చట్టంలో 18ఎ సెక్షన్ చేర్చి, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలో జరిగే డెరివేటివ్‌లు చెల్లుతాయని ప్రత్యేకంగా రాశారు.

డెరివేటివ్‌లకు నిజమైన ఉపయోగం లేదని కాదు. ధర పడుతుందన్న భయం ఉన్నవాడు ముందుగానే ధర ఖాయం చేసుకోవడానికే అవి పుట్టాయి. డెల్టాలో ఆ భయం ఎవరికుంది? రబీ వరి కోయబోయే రైతుకు. సెబీ 2021 డిసెంబరులో బాసుమతి కాని వరి సహా ఏడు పంటల, ఉత్పత్తుల ఫ్యూచర్స్‌ను నిలిపివేసింది, ఆ తర్వాత గడువును పదేపదే పొడిగించింది. ధాన్యం ఉన్నవాడికి ఫ్యూచర్స్ లేవు, ధాన్యం లేనివాడికి ప్రతి వారం నిఫ్టీ ఆప్షన్లు ఉన్నాయి. రైతుకు రక్షణగా ఉండవలసిన పనిముట్టు అతడికి అందనప్పుడు, అదే పనిముట్టుతో పట్నంలో జరిగేదాన్ని రక్షణ అనడం కష్టం.

దేశంలోని పాత ఎక్స్ఛేంజీ బీఎస్ఈ స్వయంగా లిస్టయిన కంపెనీ, 2017 నుంచి దాని షేర్లు మరో ఎక్స్ఛేంజీ అయిన ఎన్ఎస్ఈలో ట్రేడవుతున్నాయి. పెద్ద బ్రోకరేజీ సంస్థలు కొన్ని లిస్టయి ఉన్నాయి. వీటిని కాసినోలతో కలిపి ఒకే గాటన కట్టడం అన్యాయం. కంపెనీలు పెట్టుబడి సేకరించేదీ, జనం పొదుపు పెరిగేదీ ఆ ఎక్స్ఛేంజీల మీదే. అయితే జూదం వద్దనుకున్న మదుపరి లాడ్జీని అడిగిన ప్రశ్ననే వీటినీ అడగవచ్చు. మీ ఆదాయంలో ఎంత శాతం వారం వారం ఆప్షన్లలో పోగొట్టుకునేవారి నుంచి వస్తోంది? 5 శాతమా, 10 శాతమా, అంతకన్నా ఎక్కువా? ఎక్స్ఛేంజీలు, బ్రోకరేజీల వార్షిక నివేదికల్లో డెరివేటివ్‌ల ఆదాయాన్ని విడిగా చూపే పట్టికలు ఉంటాయి. నైతిక ఫండు అని పేరు పెట్టుకున్న సంస్థ ఆ పట్టిక దగ్గర ఆగి గీత గీసిందా లేదా అన్నది మదుపరి ఈమెయిలు రాసి అడగదగ్గ విషయం.

మ్యూచువల్ ఫండ్లు ప్రతి నెలా తమ దగ్గరున్న షేర్ల పూర్తి జాబితాను నెల ముగిసిన పది రోజుల్లోగా వెబ్‌సైటులో పెట్టాలి. ఆ ఎక్సెల్ పట్టికను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కంపెనీ పేరు పక్కన పరిశ్రమ అనే గడి ఉంటుంది. కాసినో నడిపే కంపెనీ అక్కడ విరామ సేవల కింద, ఎక్స్ఛేంజీ క్యాపిటల్ మార్కెట్ల కింద కనిపిస్తాయి. పట్టికను పై నుంచి కింది దాకా ఎన్నిసార్లు చదివినా జూదం అనే పరిశ్రమ కనిపించదు, ఎందుకంటే ఆ వర్గీకరణలో అలాంటి పేరే లేదు.